పరీక్షల కథ – 4: పేరు దాచిన కాగితం

పుట్టుకను బట్టి కాకుండా పరీక్షను బట్టి కొలువులు ఇవ్వాలన్న ఆలోచన 7వ శతాబ్దం మొదట్లో చైనాలో, సూయి చక్రవర్తుల చేతుల్లో రూపం కట్టుకున్న సంగతి గత భాగంలో చూశాం. అంతటి ఆలోచనకు దాదాపు తొలి నాలుగొందల ఏళ్లూ ఒక పెద్ద లోపం అంటిపెట్టుకునే ఉంది. జవాబు కాగితం మీద రాసినవాడి పేరు దిద్దేవాడికి కనపడేది. ఆ పేరును ఎలా దాచారు, దాచినదాన్ని ఎవరు ఎలా బయటికి లాగారు, అందుకు ఎవరి తలలు పోయాయి అన్నదే ఈ భాగం.

టాంగ్ రాజుల కాలంలో రాజధాని చాంగాన్‌కు పరీక్ష రాయడానికి వచ్చిన కుర్రవాడు ముందుగా తన కవితలు, వ్యాసాలు మంచి కాగితపు చుట్టల మీద రాయించుకుని పెద్దల ఇళ్ల చుట్టూ తిరిగేవాడు. ఎవరైనా ఓ పెద్దాయన చదివి మెచ్చుకుని పరీక్షాధికారి చెవిన ఒక మాట వేస్తే సగం పరీక్ష పాసైనట్టే. దీన్ని ఎవరూ తప్పుగా చూడలేదు. అధికారులు కూడా పరీక్షకు ముందే ఫలానావాడు ఎలాంటివాడని వాకబు చేసేవారు. సిఫారసు అప్పటికి పరీక్షలో ఒక భాగం. ఏటా ఉన్నత పట్టా దక్కేది పాతిక ముప్ఫై మందికి మాత్రమే. యాభై ఏళ్లకు ఆ పట్టా అందుకున్నవాణ్ణి ఇంకా చిన్నవాడి కిందే లెక్కగట్టేవారట.

చైనా మహాకవుల్లో ఒకడైన దు ఫు ఈ పరీక్షలో గట్టెక్కలేదు. ఒకసారి మామూలుగానే తప్పాడు. రెండోసారి, 747లో, చక్రవర్తి ప్రత్యేక పరీక్ష ప్రకటించాడు. ఏ విద్యలో దిట్ట అయినా సరే, దేశంలో ఎవరైనా వచ్చి రాయవచ్చన్నాడు. ప్రధాని లీ లిన్‌ఫుకు భయం పట్టుకుంది. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు చక్రవర్తి ముందు నిలబడి తన బాగోతం బయటపెడతారేమోనని వచ్చినవాళ్లందర్నీ తప్పించేశాడు. ఒక్కడంటే ఒక్కడు పాసవలేదు. తర్వాత చక్రవర్తి దగ్గరికి వెళ్లి, ప్రభూ, అభినందనలు, ప్రతిభావంతులంతా ఇప్పటికే తమ కొలువులో ఉన్నారు, బయట ఇక ఎవరూ మిగల్లేదు అని విన్నవించాడు. అప్పటికి దు ఫుకు ముప్ఫై అయిదేళ్లు. చాంగాన్‌లో ఆ తర్వాత ఏళ్ల తరబడి పేదరికం అనుభవించాడు.

అదే యుగం చివర్లో వెన్ తింగ్‌యున్ అనే కవి ఉండేవాడు. పక్కవాళ్లకు జవాబులు రాసిపెట్టడంలో పేరుమోసినవాడు. ఒక పరీక్షలో అధికారి అతన్ని అందరిలో కూచోనివ్వకుండా తన కళ్లెదుటే విడిగా కూచోబెట్టాడు. బయటికి వచ్చాక లెక్క తీస్తే అప్పటికే ఎనిమిది మందికి సాయం చేసేశాడని చెబుతారు. అంత ప్రతిభ ఉండీ తను మాత్రం ఏనాడూ పాసవలేదు.

సామ్రాజ్ఞి వూ జెతియెన్ 7వ శతాబ్దం చివర్లో కొన్ని పరీక్షల్లో పేర్ల మీద కాగితం అంటింపజేసింది కానీ ఆ పద్ధతి నిలవలేదు. నిలబెట్టినవాళ్లు సోంగ్ చక్రవర్తులు. 973లో పరీక్ష తప్పిన ఒక అభ్యర్థి డోలు మోగించి మరీ చక్రవర్తికి ఫిర్యాదు చేశాడు. పరీక్షాధికారి తనకు కావలసినవాళ్లను పాస్ చేశాడన్నది అభియోగం. చక్రవర్తి తైజు స్వయంగా మళ్లీ పరీక్ష పెట్టాడు. చివరి పరీక్ష రాజసౌధంలోనే జరగాలన్న ఆనవాయితీ అక్కడ మొదలైంది. 992లో రాజసౌధం పరీక్షలో పేర్లు మూశారు. 1007లో రాజధానిలోని కింది మెట్టు పరీక్షకూ అదే నియమం పెట్టారు. అయినా సిఫారసు చావలేదు. పేరు కనపడకపోతేనేం, చేతిరాత కనపడుతుంది కదా. శిష్యుడి అక్షరం గురువుకు తెలియదా?

1015లో ఆ దారీ మూశారు. నకళ్లు తీయడానికే ఒక కార్యాలయం పెట్టారు. అభ్యర్థి రాసిన కాగితం నేరుగా దిద్దేవాడి దగ్గరికి వెళ్లదు. పేరు, ఊరు, తాత తండ్రుల వివరాలున్న భాగాన్ని మడిచి, అంటించి, ముద్ర వేస్తారు. ఒక గుర్తు సంఖ్య వేస్తారు. ఆ కాగితాన్ని రాయసగాళ్లకు ఇస్తే వాళ్లు అక్షరం పొల్లుపోకుండా మరో కాగితం మీద ఎక్కిస్తారు. అభ్యర్థి తప్పు రాస్తే తప్పుతో సహా ఎక్కించాలి. ఇంకొందరు రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని పోల్చి చూస్తారు. దిద్దేవాడి చేతికి నకలే అందుతుంది. తర్వాతి శతాబ్దాల్లో దీనికి సిరా రంగులు కూడా స్థిరపడ్డాయి. అభ్యర్థిది నల్ల సిరా, రాయసగాడిది ఎర్ర సిరా, సరిచూసేవాడిది పసుపు. ఎవరి చెయ్యి ఎక్కడ పడిందో రంగే చెప్పేస్తుంది.

మన ఇంటర్ పరీక్షల్లో జవాబు పత్రానికి కోడ్ వేసి, హాల్‌టికెట్ నంబరున్న ముక్కను వేరుచేసి స్పాట్ వాల్యుయేషన్‌కు పంపడం తెలిసిన పాఠకులకు ఇదంతా మామూలుగా అనిపించవచ్చు. వెయ్యేళ్ల కిందట, అక్షరాలా ప్రతి కాగితాన్నీ చేత్తో తిరగరాయించి మరీ ఈ పని చేశారన్నది తలచుకోవాలి. రాయసగాళ్ల జీతాలు, కాగితం, సిరా, తిండి, కాపలా అన్నీ ఖజానా మోసింది. అడవిలాంటి మారుమూల పల్లెలో పుట్టిన కుర్రవాడి కాగితానికీ మంత్రిగారి కొడుకు కాగితానికీ తేడా తెలియకూడదన్న ఒక్క పట్టుదల కోసం ఒక రాజ్యం ఇంత ఖర్చుపెట్టింది. సోంగ్ వంశం గెలిచిన యుద్ధాలు తక్కువ. ఈ ఒక్క నిర్ణయాన్ని నేను వాళ్ల గొప్ప విజయంగా లెక్కవేస్తాను. స్త్రీలకు ఆ ప్రాంగణంలోకి ప్రవేశమే లేదన్న మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. నటులు, బానిసలు లాంటి కొన్ని వర్గాలవాళ్లనూ దూరంగానే ఉంచారు. ఆ కాగితం సమానత్వం గేటు దాటగలిగిన మగవాళ్లకే దక్కింది.

ఈ పద్ధతి ఎలా పనిచేసిందో 1057లో రాజధాని కైఫెంగ్‌లో జరిగిన పరీక్ష చూపిస్తుంది.

ఆ ఏడాది ముఖ్య పరీక్షాధికారి ఓయాంగ్ షియు. ఆ కాలపు సాహిత్యానికి ఆయనే పెద్ద దిక్కు. ఆయన్నీ తోటి అధికారులనూ నియమించిన వెంటనే ప్రాంగణంలో పెట్టి తలుపులకు తాళాలు వేశారు. సిఫారసు చీటీ లోపలికి రాకూడదు, రహస్యం బయటికి పోకూడదు. అలా యాభై రోజులు. బయట పండగ జరుగుతుంటే చప్పుడు వినడం తప్ప చూసే వీల్లేదు. ఆరుగురు అధికారులూ పొద్దు గడవడానికి ఒకరి కవితకు మరొకరు జవాబు కవిత రాసుకున్నారు. నూటడెబ్భైకి పైగా పోగుపడ్డాయి. పరీక్ష కాగితాలు దిద్దుతూ అన్ని కవితలు రాసినవాళ్లు చరిత్రలో ఇంకెక్కడైనా ఉన్నారో లేదో.

ఒకరోజు ఆ ఆరుగురిలో ఒకరైన మెయ్ యావ్‌చెన్ ఒక నకలు తెచ్చి ఓయాంగ్ షియు ముందు పెట్టాడు. శిక్షలోనూ బహుమానంలోనూ పాలకుడికి ఉండాల్సిన దయ గురించిన వ్యాసం అది. ఓయాంగ్ షియు చదివి కదిలిపోయాడు. మొదటి స్థానం ఇవ్వాల్సిందే. కానీ ఒక శంక పీడించింది. ఇంత బాగా రాయగలిగినవాడు తన శిష్యుడు జెంగ్ గోంగ్ తప్ప ఇంకెవరుంటారు? సొంత శిష్యుడికి మొదటి స్థానం ఇచ్చాడని లోకం అనదా? పేరు తెలియకపోయినా తెలిసినట్టే భావించి, నింద రాకూడదని ఆ కాగితాన్ని రెండో స్థానంలోకి దించాడు. ముద్ర విప్పాక చూస్తే అది సిచువాన్ నుంచి తండ్రి వెంట, తమ్ముడి వెంట వచ్చిన ఇరవయ్యేళ్ల కుర్రవాడిది. అతని పేరు సు షి. తర్వాతి కాలంలో సు దోంగ్‌పోగా చైనా అంతా తలమీద పెట్టుకున్న కవి అతనే.

ఆ వ్యాసంలో సు షి పురాణ కాలపు రాజు ఒకాయన గురించి ఒక ఉదంతం వాడాడు. న్యాయాధికారి మూడుసార్లు చంపమంటే రాజు మూడుసార్లు క్షమించమన్నాడట. మహా పండితులైన పరీక్షాధికారులకు అది ఏ గ్రంథంలోదో అంతు చిక్కలేదు. తర్వాత కలిసినప్పుడు అడిగితే, అలాంటి రాజు అలాగే అని ఉంటాడు కదా అని సు షి జవాబిచ్చాడు. ఉదంతం తన సొంత కల్పన. ఒయ్యారాలు, తిరకాసులు నిండిన అప్పటి ఫ్యాషన్ శైలిలో రాసినవాళ్లందరినీ ఆ ఏడు ఓయాంగ్ షియు నిర్దాక్షిణ్యంగా తప్పించాడు. వాళ్లు నడివీధిలో ఆయన గుర్రాన్ని చుట్టుముట్టి తిట్టారు. ఆయన చనిపోయినట్టు చరమగీతం రాసి ఇంటికి పంపారు. ఫలితాల మీద గొడవలు మనకు కొత్తేమీ కావు.

ముప్ఫై ఒక్క ఏళ్లు గడిచాయి. 1088లో పరీక్షాధికారి కుర్చీలో సు షి కూచున్నాడు. ఈసారి ఆయన శిష్యుడు లీ జీ పరీక్ష రాస్తున్నాడు. పేదవాడు, మంచి రచయిత. అతని శైలి సు షికి కొట్టినపిండి. ఒక నకలు చదివి ఇది లీ జీదే అని నిశ్చయించుకుని ముందు వరసలో పెట్టాడు. ముద్ర విప్పితే లీ జీ తప్పాడు. మొదటి స్థానం జాంగ్ యువాన్ అనే కుర్రవాడికి దక్కింది. సు షికి ఒకప్పుడు స్నేహితుడై తర్వాత రాజకీయంగా బద్ధ విరోధిగా మారిన జాంగ్ దున్ కొడుకు అతను. సు షి కుమిలిపోయాడు, శిష్యుణ్ణి సాగనంపుతూ కవిత రాసిచ్చాడు. లీ జీ ఆ తర్వాతా పాసవలేదు.

ఓయాంగ్ షియు శిష్యుడనుకుని తగ్గించాడు, సు షి శిష్యుడనుకుని పెంచాడు. ఇద్దరి లెక్కా తప్పింది. ఇద్దరూ తమ కాలంలో అందరికన్నా నిశితంగా చదవగలిగినవాళ్లు. అంతటివాళ్ల కళ్లకే దొరకలేదంటే 1015 నాటి ఆ నకలు తన పని తాను ఎంత గట్టిగా చేసిందో తెలుస్తుంది. నష్టపోయినవాడు లీ జీ. అతనికి మాత్రం ఆ పద్ధతి మీద గౌరవం పుట్టి ఉండదు.

1094లో జాంగ్ దున్ ప్రధాని అయ్యాడు. సు షిని దక్షిణానికి, ఆ తర్వాత సముద్రం అవతల హైనాన్ దీవికి వెళ్లగొట్టించాడు. 1101లో గాలి తిరిగి సు షి వెనక్కి వస్తున్నాడు. జాంగ్ దున్‌కు దేశాంతరవాసం పడింది. అప్పుడు జాంగ్ యువాన్ వణుకుతూ సు షికి ఒక ఉత్తరం రాశాడు. పరీక్షలో తనను ఎంపిక చేసిన అధికారి కాబట్టి ఆనవాయితీ ప్రకారం సు షి తనకు గురువు. మా నాన్న మీద కక్ష తీర్చుకోవద్దన్నదే ఆ ఉత్తరం సారాంశం. సు షి జవాబులో కోపం లేదు. మీ నాన్నగారు ఆ వాతావరణంలో ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోవాలంటూ సలహాలు ఉన్నాయి. కొన్ని వారాలకే సు షి కన్నుమూశాడు.

మింగ్, చింగ్ వంశాల కాలానికి పరీక్ష సామ్రాజ్యమంత పెద్దదైంది. జిల్లా మెట్టు, ప్రాంతీయ మెట్టు, రాజధాని మెట్టు, రాజసౌధం. ఆ మెట్లు ఎక్కాలంటే కన్ఫ్యూషియస్ సంప్రదాయపు గ్రంథాలు కంఠతా రావాలి. మూలం ఒక్కటే నాలుగు లక్షల పైచిలుకు అక్షరాలు, వ్యాఖ్యానాలు అదనం. వ్యాసం ఎనిమిది భాగాల కట్టుదిట్టమైన మూసలో ఉండాలి. ప్రశ్నలు ఆ గ్రంథాల్లోంచే వస్తాయి కాబట్టి రాబోయే ప్రశ్నలు ఊహించి, నమూనా జవాబులు అచ్చువేసి అమ్మే పుస్తకాల వ్యాపారం జోరుగా సాగింది. గైడ్లు, మోడల్ పేపర్లు, ఇంపార్టెంట్ క్వశ్చన్లు అన్నీ అప్పుడే ఉన్నాయి.

నాన్‌జింగ్‌లో చిన్‌హువాయ్ నది ఒడ్డున జియాంగ్‌నాన్ పరీక్షా ప్రాంగణం ఉండేది. 19వ శతాబ్దంలో అక్కడ 20,644 గదులు ఉండేవి. గది అనడానికి మనసు రాదు. మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు, తలుపు లేదు. గోడల్లో రెండు ఎత్తుల్లో గాళ్లు, వాటిలోకి తోసుకునే రెండు చెక్కలు. పగలు పైచెక్క రాతబల్ల, కిందిచెక్క కూచునే పీట. రాత్రికి పైచెక్కను కిందికి దించి కలిపితే పడక. కాళ్లు చాపుకునే వీలుండదు. మూడు విడతల పరీక్ష, మొత్తం తొమ్మిది రోజులు. తిండి, కొవ్వొత్తులు, పరుపు, వంటకు బొగ్గులు ఎవరికి వారే మోసుకురావాలి. వరస చివర మరుగుదొడ్డి ఉంటుంది. దాని పక్క గది వచ్చినవాణ్ణి చూసి మిగతావాళ్లు జాలిపడేవారు. వానొస్తే కాగితం తడుస్తుంది, కాగితం మీద మరక పడితే ఆ విడతకు అంతే. మధ్యలో ఎవరైనా ప్రాణం విడిస్తే, మూసిన గేటు తెరవకూడదు కాబట్టి శవాన్ని చాపలో చుట్టి గోడ మీంచి బయటికి దాటించేవారని చెబుతారు.

18వ శతాబ్దంలో ఈ ప్రాంగణం నుంచి పట్టా దక్కేవాళ్ల కోటా 114గా స్థిరపడింది. వేలాది మంది, 114 మంది. కాపీ కొట్టడం గురించి మాట్లాడే ముందు ఈ రెండు సంఖ్యలనూ పక్కపక్కన పెట్టుకోవాలి. పాసైనవాడికి పన్నుల్లో వెసులుబాటు, ఊళ్లో గౌరవం, కొలువు ఆశ. తప్పినవాడికి మరో మూడేళ్ల ఎదురుచూపు. గ్వాంగ్‌జౌలో కింది మెట్టు పరీక్ష నాలుగుసార్లు తప్పిన హోంగ్ షియుచువాన్ అనే పల్లెటూరి పంతులు 1850 తర్వాత తైపింగ్ తిరుగుబాటు నడిపాడు. అందులో పోయిన ప్రాణాలు రెండు కోట్లకు తక్కువ ఉండవంటారు.

లోపలికి చీటీలు వెళ్లాయి. అరచేతిలో ఇమిడే పుస్తకాలు అచ్చయ్యాయి. లోపలి చొక్కాల మీద పాఠాలు రాసుకున్నారు. అమెరికాలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఇలాంటి ఒక లోచొక్కా భద్రపరిచి ఉంది. గుడ్డ మొత్తం, చేతుల దాకా, చీమతలకాయలంత అక్షరాలతో గ్రంథపాఠాలు నిండి ఉంటాయి. ఒక్కో అక్షరం కుంచెతో దించడానికి ఎన్ని రాత్రులు పట్టి ఉంటుందో. ఆ శ్రమతో ఆ పాఠాలు నేర్చుకునే ఉండవచ్చని ఎవరైనా అనవచ్చు. తొమ్మిది రోజులు ఆ గూట్లో ఆకలితో, నిద్ర లేక కూచున్నప్పుడు నేర్చుకున్నది ఎంత గుర్తుంటుందో రాసినవాళ్లకే తెలుసు.

1744లో చియెన్‌లోంగ్ చక్రవర్తి రాజధాని ప్రాంతీయ పరీక్షకు ప్రత్యేక తనిఖీ పెట్టాడు. టోపీ, అంగీ, చెప్పులు ఒంటిపొరవే ఉండాలి. సిరారాయి మందంగా ఉండకూడదు, కుంచె కాడ గుల్లగా ఉండాలి, రొట్టెలు కోసి చూపించాలి. మొదటి విడతలో 21 మంది, రెండో విడతలో మరో 21 మంది పట్టుబడ్డారు. తనిఖీ సంగతి తెలిసి 2,800 మంది దాకా గేటు దగ్గరి నుంచే వెనక్కి తిరిగారు. పట్టుబడినవాళ్లకు కొరడాదెబ్బలు, మెడకు కొయ్యపలక. ఇంతా చేసి ఈ తనిఖీ అంతా పేదవాడి చొక్కా దాకానే వెళ్లింది. డబ్బున్నవాడికి చొక్కా మీద రాసుకునే అవసరమే లేదు.

అతని దారి వేరు. పేరు దాచారు, చేతిరాత దాచారు, మాటలను మాత్రం ఎలా దాచగలరు? ముందే కుదుర్చుకుని, మొదటి వ్యాసం చివర ఫలానా మాట, రెండో దాని చివర ఫలానా మాట, పద్యంలో ఫలానా జంటపదం వాడితే చాలు. రాయసగాడు అక్షరం పొల్లుపోకుండా దాన్నే ఎర్ర సిరాలోకి ఎక్కిస్తాడు. నిజాయితీ కోసం పెట్టిన నకలే సంకేతాన్ని పదిలంగా అధికారి చేతికి అందిస్తుంది. ఆ మాటలు రాసిన కాగితం ముక్క చేతులు మారేది, దానితోపాటు వెండి మారేది.

1657లో జియాంగ్‌నాన్ పరీక్ష ఫలితాలు చూసి ఊరు ఊరంతా భగ్గుమంది. షుంజి చక్రవర్తి ఇద్దరు ముఖ్య పరీక్షాధికారుల తలలు తీయించాడు. వాళ్ల కింద దిద్దినవాళ్లందరికీ ఉరి వేయించాడు. పాసైనవాళ్లను బీజింగ్‌కు పిలిపించి 1658లో మళ్లీ రాయించారు. పక్కనే సాయుధులు నిలబడి ఉండగా, చలిలో. వూ జావ్‌చియెన్ అనే కవి అక్కడ కూచున్నాడు. చిన్ననాటి నుంచే పేరు తెచ్చుకున్నవాడు, కాపీతో పనిలేనివాడు. ఆ కాపలా మధ్య అతని చెయ్యి ఆడలేదని కొందరు, ఆ అవమానానికి అలిగి రాయలేదని కొందరు అంటారు. కాగితం పూర్తికాలేదు. కొరడాదెబ్బలు కొట్టి ఈశాన్యాన గడ్డకట్టే నింగుతాకు దేశాంతరం పంపారు.

అక్కడ అతను ఇరవై మూడేళ్లు ఉన్నాడు. స్నేహితుడు గు జెన్‌గ్వాన్ అతన్ని మర్చిపోలేదు. 1676లో ఆయన తన మిత్రుడికి ఉత్తరం రాసినట్టుగా రెండు పద్యాలు రాశాడు. వాటిని చదివిన నాలన్ షింగ్‌దె అనే యువకవి కన్నీళ్లు పెట్టుకున్నాడట. అతని తండ్రి చక్రవర్తి దగ్గర పెద్ద మంత్రి. డబ్బు పోగుచేసి, పరిహారం కట్టి, 1681లో వూ జావ్‌చియెన్‌ను వెనక్కి రప్పించారు. మూడేళ్లకే చనిపోయాడు. శిక్ష ఎంత కఠినమైతే న్యాయం అంత జరుగుతుందనుకునేవాళ్లకు ఈ ఒక్క మనిషి కథ చాలు.

కఠినత్వానికి పరాకాష్ఠ రెండు వందల ఏళ్ల తర్వాత వచ్చింది. 1858 రాజధాని ప్రాంతీయ పరీక్షలో నాటకాల పిచ్చి ఉన్న ఒక కుర్రవాడికి ఏడో ర్యాంకు వచ్చింది. వేషాలు వేసేవాడికి ర్యాంకా అని పుకారు లేచింది. కాగితాలన్నీ తిరగేస్తే యాభై దాకా తేడాగా కనిపించాయి. తీగ లాగితే డొంక కదిలి ముఖ్య పరీక్షాధికారి బో జున్ దాకా పోయింది. ఆయన సామ్రాజ్యంలోని అత్యున్నత మంత్రుల్లో ఒకడు. చీటీ కుదుర్చుకున్న ఒక అభ్యర్థి కాగితాన్ని ఆయన మొదట పక్కన పెట్టేశాడు. సేవకుడు చెవిలో పోరితే మరొకరి కాగితం తీసేసి దీన్ని లోపల పెట్టాడు. ఆ అభ్యర్థి నుంచి తర్వాత మర్యాదపూర్వకంగా అందిన కానుక 16 చైనా తులాల వెండి. వెనక రాజకీయం ఉంది. ఆస్థానంలో బలవంతుడైన సుషున్‌కు బో జున్ అంటే గిట్టదు. 1859లో మరణశిక్ష రోజున కూడా బో జున్ ఆఖరి ఘడియలో దేశాంతరంగా మారుస్తారనే నమ్మకంతో కొడుకును ప్రయాణపు సామాను సర్దమన్నాడంటారు. క్షమాపణ రాలేదు. బీజింగ్‌లోని చాయ్‌షికౌ కూడలిలో తల తీశారు. 1861లో అదే కూడలిలో సుషున్ తలా తెగింది. అది వేరే కథ.

బో జున్ పోయిన తర్వాత కొన్నేళ్లు భయం పనిచేసింది. ముప్ఫై నాలుగేళ్లకు చీటీ మళ్లీ బయటికి వచ్చింది.

1893 శరత్కాలం. జెజియాంగ్ ప్రాంతీయ పరీక్షకు ముఖ్య అధికారిగా వెళ్తున్న పెద్దమనిషి పడవ సుజౌ రేవులో ఆగింది. ఒక నౌకరు ఉత్తరం తెచ్చి ఇచ్చాడు. పంపినవాడు షావ్‌షింగ్‌కు చెందిన జౌ ఫూచింగ్. బీజింగ్‌లో కొలువు చేస్తూ తల్లి పోయినందుకు ఇంటికొచ్చి ఉన్నాడు. ముఖ్య అధికారీ తనూ ఒకే ఏడు పట్టా అందుకున్నవాళ్లు. కవరులో పదివేల వెండి నాణేలకు హామీపత్రం, సంకేతంగా వాడబోయే మాటలు, కొందరు కుర్రవాళ్ల వివరాలు ఉన్నాయి. అందులో ఒకడు తన సొంత కొడుకు. ఆ క్షణాన పడవలో ఉప పరీక్షాధికారి కూడా కూచుని మాట్లాడుతున్నాడు. ముఖ్య అధికారి కవరు విప్పకుండా పక్కన పెట్టి కబుర్లు సాగించాడు. నౌకరుకు ఓపిక నశించింది. అంత డబ్బు పత్రం ఇస్తే రసీదైనా ఇవ్వరేమని బయటి నుంచి కేక వేశాడు.

జౌ ఫూచింగ్ లొంగిపోయాడు. మరణశిక్ష పడింది, అమలు వాయిదా పడుతూ వచ్చింది. హాంగ్‌జౌ జైల్లో ఏళ్ల తరబడి ఉండి 1901లో విడుదలయ్యాడు. ప్రతి శరత్తులోనూ ఈ ఏడు తల తీస్తారేమోనని కుటుంబం వణికేది. శిక్ష వాయిదా వేయించడానికి పొలాలు అమ్మారు. కొడుకు అప్పటికి సంపాదించుకున్న చిన్న పట్టా రద్దయింది. మనస్తాపం, తాగుడు, జబ్బు కలిసి 1896లో అతన్ని తీసుకుపోయాయి. చిన్నవాడైన మనవడు తాకట్టు దుకాణానికీ మందుల దుకాణానికీ మధ్య తిరిగాడు. బీరువా ఎత్తున్న కౌంటరు ముందు నిలబడి, తలెత్తి, బట్టలూ నగలూ అందించి, ఆ డబ్బుతో నాన్నకు మందు కొనుక్కొచ్చేవాడు. ఆ మనవడే తర్వాత రచయితగా పేరుపొందిన లూ షున్.

1898 చివర్లో లూ షున్ ఒకసారి జిల్లా పరీక్ష రాశాడు. వందల మందిలో 137వ స్థానం వచ్చింది. పైమెట్టుకు వెళ్లలేదు. అప్పటికే నాన్‌జింగ్‌లో కొత్త చదువుల బడిలో చేరి ఉన్నాడు. 1919లో అచ్చైన ఆయన ‘కోంగ్ యిజి’ కథలో, చదువంతా వచ్చీ కింది మెట్టు పట్టా కూడా దక్కని ముసలి పండితుడు సారాకొట్టు అరుగు దగ్గర నిలబడి ఉంటాడు. చిరిగిన పొడుగు అంగీ విప్పడు, దొంగతనం చేసి కాళ్లు విరగ్గొట్టించుకుంటాడు, పిల్లలకు సోంపు వేసి ఉడికించిన చిక్కుడు గింజలు పంచుతాడు. లూ షున్ అతని మీద జనం నవ్విన నవ్వును రాశాడు. తను నవ్వలేదు.

పదమూడు వందల ఏళ్ల ఆ పరీక్షను 1905 సెప్టెంబరులో రద్దు చేశారు. అప్పటికే ఆ ఆలోచన సముద్రం దాటి చాలాకాలమైంది. చైనాలో దుబాసీగా పనిచేసిన థామస్ టేలర్ మెడోస్ అనే ఆంగ్లేయుడు 1847లో అచ్చువేసిన పుస్తకంలో, బ్రిటన్ కూడా ఇలాగే పరీక్ష పెట్టి ఉద్యోగులను ఎంచుకోవాలని గట్టిగా వాదించాడు. 1853లో ఈస్టిండియా కంపెనీ చార్టర్ చట్టం మన దేశపు సివిల్ సర్వీసులో సిఫారసు నియామకాలకు తెరదించింది. 1855లో లండన్‌లో మొదటి పోటీ పరీక్ష జరిగింది. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు పుట్టాయి. పాఠాలు చెప్పడం వాటి పని కాదు. పరీక్ష పెట్టి పట్టా ఇవ్వడం ఒక్కటే పని. తెలుగు జిల్లాల కుర్రవాళ్లు మెట్రిక్యులేషన్ అనే మాట నేర్చుకున్నది అప్పుడే. ఆ మద్రాసు పరీక్ష గదిలోకి వచ్చే భాగంలో వెళ్దాం.